ఆర్సీ ట్రైనర్‌తో లూప్ కుదరడం లేదా? సమస్య - పరిష్కారం

పర్లాకిమిడిలో వరి కోతలైపోయాక ఊరవతల మడుల్లో కొయ్యకాళ్లు తప్ప ఏమీ మిగలవు కాబట్టి, మా బావా నేనూ గాలి లేవకముందే రిమోట్ విమానం పట్టుకుని అక్కడికి పోతాం. ఫోమ్‌తో చేసిన మామూలు ట్రైనర్ (నేర్చుకునేవాళ్ల విమానం), రెక్క పైన ఉండే రకం, 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ. లూప్, అంటే గాల్లో నిలువుగా గుండ్రంగా ఒక చుట్టు తిప్పడం, నేర్చుకునేలోపు నాలుగు ప్రొపెల్లర్లు విరిగాయి, వాటిలో మూడు నావే.

ముక్కు పైకెత్తి అక్కడే ఆగిపోతోంది, రిమోట్ స్టిక్ ఎంత లాగినా వెనక్కి తిరగదు. ఇది మీ తప్పు కాదు, బిగినర్ మోడ్ ఆన్‌లో ఉంది. అందులో ఉన్న గైరో (వాలుని పసిగట్టే సెన్సర్) విమానాన్ని ఒక కోణం దాటనివ్వదు. స్విచ్ మార్చండి, అంతే.

పైదాకా వెళ్లి, ఊపు చాలక వేలాడి, తోక మీద జారి పడుతోంది. వేగం లేకుండా మొదలెట్టారు. ఫుల్ త్రాటిల్‌తో (మోటారు పూర్తి వేగంతో) ఎదురుగాలిలోకి కాసేపు సమంగా పోనిచ్చి అప్పుడు లాగండి. బ్యాటరీ దిగిపోతున్నప్పుడు లూప్ జోలికి పోకండి, నిండుగా 12.6 వోల్టులున్నప్పుడే మొదటి రెండు మూడు నిమిషాల్లో కొట్టెయ్యండి.

తలకిందులవగానే ఒక రెక్క పడిపోయి గిర్రున తిరుగుతోందా? భయంతో స్టిక్ గట్టిగా లాగేశారు, రెక్క స్టాల్ అయింది, అంటే గాలి మీద పట్టు తప్పింది. అప్పుడు ఇంకా లాగితే ఇంకా తిరుగుతుంది. స్టిక్ వదిలెయ్యండి, వేగం అందుకున్నాక మెల్లగా పైకి తీయండి. అందుకే కనీసం రెండు తాటిచెట్ల ఎత్తు ఉండాలి, అలాగని గ్రీన్ జోన్‌లో (అనుమతి అడగకుండా ఎగరేయగల చోట) 400 అడుగులు దాటకూడదు. కొంచెం లాగినా ఇలాగే చేస్తుంటే తోక బరువెక్కిందన్నమాట, బ్యాటరీ ముందుకి జరపండి.

ఇక అందరినీ ఏడిపించేది: లూప్ గుండ్రంగా రాకుండా మరమేకులా మెలితిరిగి, గట్టు మీద మొదలెట్టింది పక్క మడి మీద తేలుతుంది. నేను వారం రోజులు సర్వోలు (రెక్కల, తోక పలకల్ని కదిలించే చిన్న మోటార్లు) విప్పి చూశాను. చివరికి బావ నా పక్కన నిలబడి, విమానం వైపు చూడకుండా నా చెయ్యే చూసి, “నీ బొటనవేలు కుడివైపుకి జారిపోతోందిరా” అన్నాడు. నిజమే, కుడి బొటనవేలు మడిస్తే అది నేరుగా కిందికి రాదు, అరచేతి వైపు వాలుతుంది, దాంతో ముక్కుని పైకెత్తే తోక పలక ఎలివేటర్‌తో పాటు, విమానాన్ని పక్కకి వాల్చే రెక్క పలక ఐలరాన్ కూడా కదులుతుంది. స్టిక్‌ని బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకుని లాగితే సగం రోగం పోయింది. మిగతా సగం, లాగకముందే రెక్కలు ఒక పక్కకి వాలి ఉండటం, కంటికి ఆనని ఆ కాస్త వాలే లూప్ అయ్యేసరికి పెద్దదవుతుంది. రెండూ సరిచేసినా ఎప్పుడూ ఒకే వైపుకి పోతుంటే ముక్కునీ తోకనీ చెరో వేలి మీద నిలబెట్టి చూడండి, ఒక రెక్క కిందికి దిగితే రెండోదాని కొసకి రూపాయి బిళ్ల టేపుతో అతికించండి.

1913లో మొదటిసారి లూప్ కొట్టిన రష్యన్ పైలట్ నెస్టెరోవ్‌ని సర్కారు సొత్తు ప్రమాదంలో పెట్టావని అరెస్టు చేశారు, మనకి ఇంట్లో తిట్లతో పోతుంది.

దిగేటప్పుడు మరీ కిందికి వచ్చేస్తుంటే, పైన తిరగగానే త్రాటిల్ తగ్గించడం మర్చిపోతున్నారు. రెక్కని కట్టిన రబ్బరు బ్యాండ్లు ఎండకి పగుళ్లిచ్చి ఉంటే ఆ రోజుకి లూప్ మానేసి ఇంటికి పొండి.