పీహెచ్‌పీలో వరుస విలువల అర్రే కావాలా? రేంజ్ ఉందిగా

పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఒకటి నుంచి పది దాకా సంఖ్యలు ఒక అర్రేలో (విలువల్ని వరుసగా దాచే జాబితాలో) కావాలంటే చాలామంది ఖాళీ అర్రే పెట్టుకుని ఫర్ లూప్ తిప్పి ఒక్కొక్కటే అందులోకి తోస్తుంటారు, తప్పని కాదు గానీ అంత శ్రమ అక్కర్లేదు. రేంజ్ అనే ఫంక్షన్‌ని పిలిచి రేంజ్(1, 10) అని రాస్తే పని అయిపోతుంది. పైథాన్ అలవాటున్నవాళ్లు ఒకటి గమనించండి: అక్కడ చివరి సంఖ్య రాదు, ఇక్కడ వస్తుంది.

బ్రాకెట్లలో ఇచ్చే మూడో విలువ స్టెప్, అంటే ఒక్కో అడుగుకి ఎంత దాటాలో. రేంజ్(0, 50, 10) అంటే 0, 10, 20 అలా 50 వరకు. రేంజ్(10, 1) అని తిరగేసి ఇస్తే మైనస్ పెట్టకుండానే వెనక్కి లెక్కపెడుతుంది. స్టెప్‌గా సున్నా ఇస్తే పీహెచ్‌పీ 8.3 నుంచి నేరుగా ఎర్రర్ విసురుతుంది.

దశాంశాలతో జాగ్రత్త. రేంజ్(0, 1, 0.1) చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ అందులో నాలుగో విలువ కచ్చితంగా 0.3 కాదు, చివర్లో ఎక్కడో ఒక 4 అంటుకుని ఉంటుంది, మీరు దాన్ని 0.3తో పోల్చి చూస్తే సమానం కాదంటుంది. రేంజ్(0, 10) తీసుకుని, అర్రేలోని ప్రతి విలువకీ ఒకే పని చేసే అర్రే మ్యాప్‌తో ఒక్కోదాన్ని 10తో భాగించండి, ఆ గోల ఉండదు.

ఇంగ్లిష్ అక్షరాలూ ఇవ్వొచ్చు. అయితే పెద్ద ఏ నుంచి చిన్న జెడ్ దాకా అడిగితే 52 కాదు, 58 వస్తాయి, ఎందుకంటే అక్షరాలకి సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ మధ్య బ్రాకెట్లు, అండర్‌స్కోర్ లాంటి ఆరు గుర్తులున్నాయి. రెండు రేంజ్‌లు విడిగా చేసి అర్రే మెర్జ్‌తో కలపడమే దారి.

మరి తెలుగు అక్షరాలు? 'క' నుంచి 'హ' అని నేరుగా ఇస్తే కుదరదు. రేంజ్ మొదటి బైటు ఒక్కటే చూస్తుంది, యూనికోడ్ అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో మన అక్షరానికి మూడు బైట్లు, పైగా అన్నిటికీ మొదటి బైటు ఒకటే. కాబట్టి యూనికోడ్ సంఖ్యలతో రేంజ్(3093, 3129) తీసుకుని, అర్రే మ్యాప్‌లో సంఖ్యని అక్షరంగా మార్చే ఎంబీ_సీహెచ్‌ఆర్ ఫంక్షన్‌కి అప్పజెప్పండి. మధ్యలో 3113కి అక్షరం లేదు, దాన్ని తీసేయండి.

పది లక్షల సంఖ్యలు కావాలంటే మాత్రం రేంజ్ జోలికి పోవద్దు, మొత్తం ఒకేసారి మెమరీలో కూర్చుంటుంది. ఒక్కొక్కటే వాడి వదిలేసే పనైతే పీహెచ్‌పీ 5.5 నుంచి ఉన్న జెనరేటర్‌లో (అడిగినప్పుడు ఒక్కో విలువే ఇచ్చే ఫంక్షన్‌లో) యీల్డ్ రాసుకోండి, లేదంటే మామూలు ఫర్ లూప్ చాలు.