పశ్చాత్తాపం, కృప, పరిశుద్ధత: స్వీయ అధ్యయన పాఠాలు - నాలుగవ పాఠం: జక్కయ్య లెక్కలు

గత పాఠంలో 51వ కీర్తనను చదివి, దావీదు తన పాపాన్ని దేవుని ఎదుట ఏ మాటలతో ఒప్పుకున్నాడో పరిశీలించాం. దేవుని ఎదుట ఒప్పుకున్న మనిషి తాను నష్టపరిచిన మనుషుల దగ్గరికి ఎలా వెళ్ళాలన్నది ఈ పాఠంలో అభ్యసిస్తాం. లూకా 19:1-10, లేవీయకాండము 19వ అధ్యాయం దగ్గర పెట్టుకోండి. ఒక నోటు పుస్తకం, పెన్సిలు కూడా కావాలి.

ముందుగా లూకాలో అయిదవ వచనం కింద గీత గీయండి. "జక్కయ్యా, త్వరగా దిగుము, నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అని యేసు అంటున్నాడు. తరువాత ఎనిమిదవ వచనం కింద గీయండి. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు మరల చెల్లిస్తానని జక్కయ్య చెప్పేది అక్కడే. ఈ రెండు గీతల నడుమ యేసు నోట అతని డబ్బు ప్రస్తావన రాలేదు. యెరికోలో సుంకపు గుత్తదారుడైన జక్కయ్య ఎలా ధనవంతుడయ్యాడో జనానికి తెలుసు, వాళ్ళు సణిగారు కూడా. అయినా యేసు లెక్క అడగకుండానే అతని ఇంటికి అతిథిగా వెళ్ళాడు. 'నేను బాగుపడితే దేవుడు నన్ను చేర్చుకుంటాడు' అనుకునేవారు ఈ వరుసను తలకిందులు చేస్తున్నారు. ఎఫెసీ 2:8-10 వచనాల్లోనూ ఇదే వరుస ఉంది: కృపచేత విశ్వాసం ద్వారా రక్షణ ముందు, ఆ రక్షణ పొందినవారు నడవవలసిన సత్క్రియలు తరువాత.

గుంటూరు ప్రాంతపు సంఘాల్లో పెరిగినవారికి ఈ మాట కొత్త కాదు. 1842లో హేయర్ దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పని మొదలుపెట్టిన నాటినుండి కృప గురించిన బోధ ఇక్కడ వినబడుతూనే ఉంది. అయితే ఆ మిషన్ పేరులో ఉన్న సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ 1517లో ప్రకటించిన 95 సిద్ధాంతాల్లో మొట్టమొదటిది, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలన్నదే. కృప ఉచితమైతే జీవితాంతం పశ్చాత్తాపం దేనికని కొందరు అడుగుతారు. శిక్ష తప్పదని భయపడేవాడు తన లెక్కల పుస్తకం తెరవడానికే జంకుతాడు, దొరికిన పేజీ చించేస్తాడు. క్షమాపణ దొరికిందని నమ్మినవాడికి దాచుకోవలసిన అవసరం ఉండదు గనుక, అతడు ఏటేటా మరికొంత లోతుగా తనను చూసుకోగలుగుతాడు. జక్కయ్య యేసును ఇంట చేర్చుకున్నాకనే నోరు విప్పాడు.

ఇప్పుడు ఎనిమిదవ వచనంలోని లెక్క చూద్దాం. ఒకని సొత్తు అన్యాయంగా తీసుకున్నవాడు అసలుతోపాటు దానిలో అయిదవ వంతు కలిపి ఇవ్వాలని లేవీయకాండము 6వ అధ్యాయం చెబుతోంది. గొర్రెను దొంగిలించి చంపినవాడు లేదా అమ్మినవాడు నాలుగు గొర్రెలియ్యాలని నిర్గమకాండము 22:1. జక్కయ్య అయిదవ వంతు దగ్గర ఆగకుండా, దొంగకు విధించిన లెక్కను తన మీద వేసుకున్నాడు. బీదలకిచ్చే సగం వేరు, నష్టపోయినవారికి తిరిగిచ్చేది వేరు అన్న సంగతి కూడా గమనించండి. మన దగ్గర ఈ రెండూ తరచు కలిసిపోతాయి. కూలీల డబ్బు ఎగ్గొట్టినవాడు మందిరానికి ఫ్యాన్లు కొనిచ్చి, రెక్కల మీద తన పేరు రాయించుకుంటే బాకీ తీరినట్టు కాదు. దానం ఎంత పెద్దదైనా, డబ్బు పోగొట్టుకున్న మనిషి చేతికి అందులో రూపాయి కూడా చేరలేదు.

అలాగని తిరిగిచ్చినంత మాత్రాన అది పశ్చాత్తాపమవుతుందా? యేసును అప్పగించిన యూదా కూడా అందుకు తీసుకున్న ముప్పది వెండి నాణెములు తిరిగి ఇచ్చాడు, తాను పాపం చేశానని ఒప్పుకున్నాడు (మత్తయి 27:3-5). ఈ పాఠంలో నిదానంగా ఆలోచించవలసిన చోటు ఇదే. యూదా తన తప్పును మోసుకొని ప్రధానయాజకుల దగ్గరికి వెళ్ళాడు, 'దానితో మాకేమి' అనిపించుకొని ఒంటరిగా వెళ్ళిపోయాడు. యేసును ఎరుగనని బొంకిన పేతురు ఏడ్చాడు, కాని శిష్యుల మధ్యనే మిగిలాడు, తరువాత తీరాన ప్రభువుకు ఎదురుపడ్డాడు. 2 కొరింథీ 7:10 చెప్పే దైవచిత్తానుసారమైన దుఃఖము, లోకసంబంధమైన దుఃఖము అన్న రెండింటికీ తేడా కన్నీళ్ళ కొలతలో దొరకదు, ఆ దుఃఖం మనిషిని ఎవరి దగ్గరికి నడిపించిందో అందులో దొరుకుతుంది.

పరిశుద్ధత సంగతికి వస్తే, "మీరు పరిశుద్ధులై యుండవలెను" అని మొదలయ్యే లేవీయకాండము 19వ అధ్యాయాన్ని ఆసాంతం చదవండి. పొలం అంచున బీదలకు విడిచిపెట్టవలసిన పంట, తెల్లవారేదాకా దగ్గర ఉంచుకోకూడని కూలి, చెవిటివానిని తిట్టకూడదన్న ఆజ్ఞ, న్యాయమైన తూనికలు, అన్నీ ఆ ఒక్క మాట కిందే ఉన్నాయి. గుంటూరులో మిర్చి తొడిమలు తీసే స్త్రీలు సాయంత్రం కాటా దగ్గర బుట్టలతో నిలబడినప్పుడు, తూచేవాడు ముల్లు నిలకడగా ఆగకముందే బుట్ట దించేసి, తరుగు పేరిట మరికొంత కోసి చీటీ రాస్తే, పరిశుద్ధతకు పరీక్ష అక్కడే జరుగుతోంది. ఆదివారం అతడు ఎంత గట్టిగా పాడాడన్నది ఈ అధ్యాయం అడగదు.

ఇక అభ్యాసం. 1529 నాటి లూథర్ చిన్న ప్రశ్నోత్తరిలో ఒక మంచి పద్ధతి ఉంది: పది ఆజ్ఞల వెలుగులో నీ స్థానాన్ని చూసుకో, నీవు తండ్రివా, తల్లివా, కొడుకువా, యజమానివా, పనివాడివా అని అడుగుతుంది. వచ్చే సంస్కారపు (ప్రభువు బల్ల) ఆరాధనకు ముందు, మీకున్న స్థానాల్లో ఒక్కటే ఎంచుకొని పేజీ పైన రాయండి. ఆ స్థానంలో మీవల్ల నష్టపోయిన ఒక మనిషి పేరు, ఏమి జరిగింది, ఏమి తిరిగి ఇవ్వాలి అన్నది ఒక్కో వాక్యంలో రాయండి. 'నేను ఘోరపాపిని' అని రాయకండి, అది నిజమే అయినా ఈ పేజీలో పనికిరాదు. తరువాత లూకా 19:5ను, జక్కయ్య పేరున్న చోట మీ పేరు పెట్టి, గట్టిగా చదవండి. ఆ తరువాతే ఆ మనిషి దగ్గరికి బయలుదేరండి. మత్తయి 5:23-24 ప్రకారం బలిపీఠం ముందు అర్పణ వేచి ఉండగలదు.

వెళ్ళినప్పుడు మీ వివరణ తగ్గించండి. క్షమించమని ఒత్తిడి చేయకండి, అవతలివారికి కోపం వస్తే రానివ్వండి. మీ రాక వల్ల వారికి కొత్త ప్రమాదం గాని, ఇంట్లో గొడవ గాని వచ్చేలా ఉంటే ముందు మీ కాపరితో రహస్యంగా మాట్లాడండి. ఆ మనిషి చనిపోయి ఉంటే వారసులకు చెల్లించండి. వారసులు కూడా లేని సందర్భానికి సంఖ్యాకాండము 5:8లో దారి ఉంది. బాకీ తీరకముందు దీన్ని కూటంలో సాక్ష్యంగా చెప్పకండి. ఈ విషయంలో మన సంఘాల్లో తొందర ఎక్కువ, సాక్ష్యానికి చప్పట్లు పడ్డాక డబ్బు తిరిగిచ్చే పని వెనకబడుతుంది.

వచ్చే పాఠానికి తీతు 2:11-14 చదివి, భక్తిహీనతను విసర్జించడం మనకు నేర్పేది ఏమిటని ఆ వచనాలు చెబుతున్నాయో ఒక వాక్యంలో రాసి ఉంచండి. ఈ వారం రాసిన పేజీ చింపకండి, దాని వెనక వైపు అయిదవ పాఠంలో వాడుకుంటాం.