క్యారవాన్ డీజిల్ జనరేటర్ మాటిమాటికీ ఆగిపోతుంటే ముందు డీజిల్ లైన్ చూడండి

జనరేటర్ ఆగిపోయిందని ఫోన్ వస్తే నేను అడిగే మొదటి మాట, ట్యాంకులో డీజిల్ ఎంతుంది అని. "ఉందండి, పావు దాకా ఉంది" అంటారు. సమస్య అక్కడే ఉంది. చాలా క్యారవాన్లలో బండి ఇంజిన్‌కీ జనరేటర్‌కీ ట్యాంకు ఒకటే, కానీ జనరేటర్ డీజిల్ లాక్కునే పైపు కావాలనే పొట్టిగా పెడతారు, రాత్రంతా ఏసీ నడిచినా పొద్దున్న బండి కదలడానికి డీజిల్ మిగలాలి కాబట్టి. ముల్లు పావుకి దిగిందంటే జనరేటర్ లెక్కలో ట్యాంకు ఖాళీ అయిపోయినట్టే. బండి వాలులో పెడితే ఇంకా ముందే ఆగుతుంది, డీజిలంతా ఓ పక్కకి పోయి పైపు మూతి గాల్లో ఉంటుంది. అందుకే ముందు బండి చదునుగా పెట్టండి, అర ట్యాంకుకి పైన డీజిల్ పోయించండి, లైన్‌లో ఎయిర్ తీసి అప్పుడు స్టార్ట్ చేయండి. ఇది చూడకుండా కంట్రోలర్ బోర్డు మార్పించుకుని వచ్చినవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఆ బోర్డులు చవగ్గా దొరికేవి కావు.

డీజిల్ సరిగ్గానే ఉంటే, ఇక ఎలా ఆగుతోందో గమనించండి.

స్టార్ట్ అయి కొన్ని సెకన్లకే టక్కున ఆగితే

ఆయిల్. డిప్‌స్టిక్ తీసి చూడండి, అదీ బండి చదునుగా ఉన్నప్పుడు. లెవెల్ బాగుంటే ఆయిల్ ప్రెజర్ తగ్గితే ఇంజిన్‌ని ఆపేసే ఆయిల్ ప్రెజర్ స్విచ్, దాని వైరు చూడండి. స్విచ్‌ని బైపాస్ చేసి నడపమని ఎవరు చెప్పినా వినకండి, ప్రెజర్ నిజంగా లేకపోతే ఇంజిన్ పట్టేస్తుంది, అప్పుడయ్యే ఖర్చు ముందు స్విచ్ ధర ఓ లెక్క కాదు.

అరగంటో గంటో నడిచి ఆగి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అయితే

హీట్. కూలెంట్, బెల్ట్ చూసి రేడియేటర్ కడగండి. రుషికొండ, భీమిలి వైపు ఇసుకలో తిరిగిన బళ్లకి రేడియేటర్ ఫిన్స్ (సన్నటి రేకులు) మధ్య ఇసుకా ఉప్పూ కలిసి గట్టిగా పట్టేస్తాయి. జనరేటర్ డోర్‌ని గోడకి ఆనించి బండి పెట్టారేమో కూడా చూడండి, వదిలిన వేడి గాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది.

ఏసీ వేయగానే ఇంజిన్ బరువెక్కి ఆగితే లోడ్ ఎక్కువైనట్టు, రెండు ఏసీలూ ఒకేసారి వేయకండి. ఇంజిన్ నడుస్తూ కరెంటు మాత్రమే పోతే అది బ్రేకర్ సంగతి, ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు.

పది పదిహేను నిమిషాలు నడిచి, హంటింగ్ కొట్టి ఆగితే

నన్ను ఏడిపించింది ఇదే. సౌండ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, కాసేపటికి ఊపిరాడనట్టు ఆగిపోతుంది, ప్రైమ్ చేస్తే, అంటే లైన్‌లో గాలి తీసి డీజిల్ నింపితే, మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఒక క్యారవాన్‌ని నేనే చూసి, ఇక్కడ వైజాగ్‌లో రెండు గంటలు నడిపి, బాగుందని పంపించాను. అరకు దాకా నూటపదిహేను కిలోమీటర్లు వెళ్లి, ఘాట్ ఎక్కేసరికి ట్యాంకు సగానికి దిగింది, ఆ రాత్రి డ్రైవర్ ఫోన్, "ఏటన్నా, మళ్లీ ఆగిపోనాది, లోపల పిల్లలున్నారు" అని. తెల్లారకముందే బయల్దేరి వెళ్లాను. ఫిల్టర్ మార్చాను, ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాను, డీజిల్‌లో నీళ్లని వేరుచేసే సెడిమెంటర్‌లో నీళ్లు వంపేశాను, అయినా పదిహేను నిమిషాలకి ఆగుతూనే ఉంది. బండి కింద ఎక్కడా ఒక్క చుక్క డీజిల్ తడి కూడా లేదు, నేను మోసపోయింది అక్కడే. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న లైన్‌లో డీజిల్‌ని తోసేది ఏదీ ఉండదు, లాక్కోవడమే, అందుకే చిల్లు పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి వెళుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు పంపు గట్టిగా లాగక్కర్లేదు కాబట్టి నడిచిపోతుంది, లెవెల్ తగ్గేకొద్దీ లాగుడు పెరిగి గాలి ఎక్కువ వెళుతుంది. వైజాగ్‌లో నేను నడిపింది ఫుల్ ట్యాంకు మీద.

చివరికి ఫిల్టర్ ముందు జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు కలిపి చూస్తే గోళీసోడాలోలా సన్నటి బుడగలు వరసగా వస్తున్నాయి. ఛాసిస్ మీద క్లాంప్ కింద రబ్బరు హోస్ వంగిన చోట, అడుగు వైపు, వెంట్రుకంత పగులు. హోస్‌ని చేత్తో వంచితేనే కనిపించింది, వదిలితే మూసుకుపోయింది.

అందుకని ఇప్పుడు ఏ పార్టూ విప్పకముందే డబ్బా టెస్ట్ చేస్తాను. శుభ్రమైన డబ్బాలో ఐదు లీటర్ల డీజిల్, కొత్త హోస్ ముక్కతో నేరుగా జనరేటర్ ఇన్‌లెట్‌కి. మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే రిటర్న్ పైపు కూడా అదే డబ్బాలో పెట్టాలి, లేకపోతే డబ్బాలో డీజిల్ ట్యాంకులోకి వెళ్లిపోతుంది. డబ్బా ట్యాంకు ఎత్తులోనే ఉండాలి, పైన పెడితే డీజిల్ తనంతట తనే దిగి జనరేటర్ వైపున్న ఎయిర్ లీక్ బయటపడదు. సైలెన్సర్‌కి దూరంగా పెట్టి, ఏసీ వేసి గంట నడపండి. ఆగకపోతే తప్పు ట్యాంకు వైపు ఉన్నట్టు. అప్పుడు హోస్ మొత్తం మార్చండి, ముక్క కోసి అతికిస్తే ఇంకోచోట పగులుతుంది. క్లిప్పులు కొత్తవి, లైన్ బిగించే బోల్టు దగ్గర రాగి వాషర్లు కొత్తవి వేయండి, ఇవన్నీ గాజువాక ఆటోనగర్‌లో దొరుకుతాయి. ట్యాంకు వెంట్ (గాలి లోపలికి వెళ్లే రంధ్రం) మూసుకుపోయినా లక్షణాలు ఇలాగే ఉంటాయి, మూత వదులు చేయగానే బాగా నడిస్తే వెంట్ క్లీన్ చేయండి.

డబ్బాతోనూ ఆగితే, ఫిల్టర్ ఓ-రింగ్ (రబ్బరు సీలు) చూశాక, ఎర్త్ టెర్మినల్స్ విప్పండి. మన సముద్రపు గాలికి పైకి మెరుస్తూనే లోపల ఆకుపచ్చగా తుప్పు పడతాయి, ఇంజిన్‌కి డీజిల్ తెరిచి ఉంచే కరెంటు వాల్వు, ఫ్యూయల్ సోలనాయిడ్, దానికి వోల్టేజ్ తగ్గి వదిలేస్తుంది. గీకి, బిగించి, గ్రీజు రాయండి. ఆగే క్షణంలో సోలనాయిడ్ దగ్గర మీటర్ పెడితే విషయం తేలిపోతుంది.

ఇంజిన్ స్పీడు నిలకడగా ఉంచే గవర్నర్, ఇంజెక్షన్ పంపు చెడడం చాలా అరుదు. డబ్బా మీద నడిపినా ఆగుతూ, సోలనాయిడ్ దగ్గర పన్నెండు వోల్టులూ నిలకడగా ఉంటే, అప్పుడు పంపు విప్పించండి.