షాక్ అబ్జార్బర్లు: బాగు చేయించాలా, కొత్తవి వేయించాలా?

గుంతలో పడ్డప్పుడు ముందు నుంచి టకటకమని చప్పుడొస్తే చాలు, షాకులు పోయాయని తేల్చేస్తారు. చాలాసార్లు పోయింది స్టెబిలైజర్ లింకో (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీకి తగిలించే ముక్క), పై మౌంటో (షాకు పైకొసను బాడీకి పట్టి ఉంచే దిమ్మ) అయి ఉంటుంది. ముందు వాటిని చూపించండి.

బండిని చదునైన చోట ఆపి, ఒక్కో మూలను గట్టిగా నొక్కి వదలండి. పైకి లేచి కుదురుకుంటే సరే. రెండు మూడు సార్లు ఊగిందంటే షాకులో పట్టు పోయింది. స్ప్రింగులు గట్టిగా ఉన్న బండ్లు మాత్రం షాకు పోయినా పెద్దగా ఊగకపోవచ్చు. అలాంటప్పుడు టైరు చుట్టూ అరచేత్తో నిమరండి. మిట్టపల్లాలు తగిలితే షాకుల్ని అనుమానించాల్సిందే.

తర్వాత టార్చి వేసి చూడండి. షాకు పైభాగంలో పల్చటి తేమ, దానికంటిన దుమ్ము మామూలే. నూనె చార కింది దాకా దిగితే నూనెను లోపల ఆపే సీలు పోయినట్టు.

ఇక రిపేరు సంగతి. మామూలు కార్ల షాకుల్లో ఎక్కువ భాగానికి మూతి నొక్కి మూసేసి ఉంటుంది, విప్పడానికి నట్టు ఉండదు. రీకండిషన్ షాపులో దాన్ని లేత్ మీద కోసి, సీలు మార్చి, ఆయిల్ పోసి వెల్డింగ్ చేస్తారు. ఆయిల్‌తో పాటు నైట్రోజన్ నింపిన గ్యాస్ షాకైతే కోసినప్పుడే నైట్రోజన్ పోతుంది. మళ్లీ ఎక్కించకపోతే వరుస గుంతల్లో ఆయిల్ నురగ కట్టి షాకు మెత్తబడుతుంది. ఇంట్లో మాత్రం కోయకండి, లోపల ఒత్తిడి ఉంటుంది.

అసలు తీర్పు చెప్పేది షాకులోకి వెళ్లి వచ్చే రాడ్డు. బూటు (రాడ్డు మీది తొడుగు) పైకి జరిపి, రాడ్డును పొడిగుడ్డతో తుడిచి, పొడవునా గోటితో గీయండి. గోరు తట్టుకున్న చోట క్రోమ్ లేచి తుప్పు గుంట పడిందన్నమాట. ఎంత మంచి సీలు వేసినా ఆ గుంట అంచు ఆకురాయిలా గీకేస్తుంది, మళ్లీ కారడం మొదలవుతుంది. రాడ్డు వంగినా అంతే. లోపల ఆయిల్ పారుదలను అదుపు చేసే పిస్టన్ వాల్వులు అరిగిపోతే సీలు మార్చి లాభం లేదు.

ఓలిన్స్ కంపెనీవాటి లాంటి, విప్పి సర్వీసు చేసేలా తయారైన షాకులకూ, కొత్తవి దొరకని పాత బండ్లకూ రిపేరు దండగ కాదు. పాత రాడ్డే వేస్తారా, ఏ గ్రేడు ఆయిల్ ఎంత పోస్తారు, గ్యాస్ ఎక్కిస్తారా అని ముందే అడగండి. తెచ్చాక నిలబెట్టి నొక్కి లాగండి, మధ్యలో ఎక్కడా ఖాళీగా జారకూడదు. ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటేలా ఉంటే మా ఓటు కొత్తవాటికే.

కొత్తవి జతగానే వేయించాలి, లేకపోతే బ్రేకు కొట్టినప్పుడు రెండు పక్కలా పట్టు ఒకేలా ఉండదు. బంప్ స్టాపు (షాకు పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ ఆపే దిమ్మ), బూటు, పై మౌంటు బేరింగు అప్పుడే మార్పించండి, విప్పే కూలి మళ్లీ పడదు. స్ప్రింగును కంప్రెసర్‌తో బిగించకుండా స్ట్రట్ (షాకు, స్ప్రింగు ఒకటిగా ఉండే భాగం) పైభాగపు నట్టు ముట్టుకోనివ్వకండి, స్ప్రింగు ఎగిరిందంటే మనిషికే ప్రమాదం. కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులను బండి జాకీ దించాకే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. ముందు స్ట్రట్‌లు మార్చిన బండి నేరుగా చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్‌కు వెళ్లాలి.