పదేళ్ల డెస్క్‌టాప్‌ని మళ్లీ పరిగెత్తించడం ఎలా?

మా ఇంట్లో డెస్క్‌టాప్ 2015లో కొన్నది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డ్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్. పొద్దున్నే స్విచ్ వేసి, టీ పెట్టుకుని, గ్లాసుతో తిరిగొచ్చినా తెరమీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. బటన్ నొక్కిన దగ్గర్నుంచి బ్రౌజర్ తెరుచుకునే దాకా 3 నిమిషాల 40 సెకన్లు. "పాత ఇనప సామాను వాడికిచ్చేసి ల్యాప్‌టాప్ కొనుక్కో బావా" అన్నాడు మా బావమరిది. ఇవ్వలేదు. ఒక ఆదివారం కూర్చుని రెండే వస్తువులు మార్చాను. ఇప్పుడదే పని 35 సెకన్లలో అవుతోంది. ప్రాసెసర్ పాతదే, మదర్‌బోర్డ్ కూడా పాతదే.

మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే (మనవాళ్లు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనేస్తారు, నేనూ అంతే) ఈ వరసలో వెళ్లండి.

1. ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో చూడండి

ఏ వస్తువూ కొనకముందు చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా కొత్త ప్రాసెసర్ ధరలు అడుగుతారు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి, కంప్యూటర్ బాగా ఇబ్బంది పెట్టే సమయంలో చూడండి. నా దాంట్లో ప్రాసెసర్ 12 శాతం దగ్గర తీరిగ్గా ఉంది. డిస్క్ మాత్రం 100 శాతం, ఎర్రబడిన ముఖంతో. మెమరీ 3.7 జీబీ నిండింది.

కథంతా ఇక్కడే తెలిసిపోతుంది. ప్రాసెసర్‌ని వంటమనిషి అనుకోండి. ర్యామ్ వంటింటి గట్టు. హార్డ్‌డిస్క్ అటక. గట్టు చిన్నదైతే ప్రతి గిన్నెనీ అటకెక్కించడం, మళ్లీ దించడం. వంటమనిషి ఎంత చురుకైనదైనా నిచ్చెన పట్టుకుని నిలబడాల్సిందే.

ఆ నిచ్చెన ఎంత పొడుగో కూడా లెక్క వేయొచ్చు. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు, ముల్లు సరైన చోటికి జరగడానికి ఇంకో 8, 9 మిల్లీసెకన్లు. అంటే అక్కడక్కడా చెదిరి ఉన్న ఫైళ్లను సెకనుకి 80 సార్లకు మించి అందుకోలేదు. హార్డ్‌డిస్క్‌కి బదులు పెట్టుకునే ఎస్‌ఎస్‌డీ అంతా చిప్‌లే, అందులో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే పని సెకనుకి వేల సార్లు చేస్తుంది. పాత మెషీన్‌కి ఒక్కటే మార్చే స్తోమత ఉంటే, కళ్లు మూసుకుని ఎస్‌ఎస్‌డీ మార్చండి.

2. మీ బోర్డ్‌కి ఏది పడుతుందో తెలుసుకోండి

సీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. మెయిన్‌బోర్డ్ పేజీలో బోర్డ్ పేరు, మెమరీ పేజీలో ర్యామ్ రకం కనిపిస్తాయి. రెండూ ఫొటో తీసుకోండి, దుకాణంలో పనికొస్తుంది.

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని ర్యామ్‌లో తరాలున్నాయి, ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు. గాటు ఉండే చోటు వేరు, వోల్టేజీ వేరు: డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. బలవంతంగా నొక్కితే విరిగేది మదర్‌బోర్డే. నా హెచ్81 బోర్డ్‌కి పట్టేది డీడీఆర్3, రెండే ర్యామ్ స్లాట్లు, మొత్తం 16 జీబీ వరకు. అందుకే రెండు 8 జీబీ స్టిక్‌లు తీసుకున్నాను. జంటగా ఎందుకన్నది చివర్లో చెప్తాను, అక్కడ ఒక తమాషా ఉంది.

ఎస్‌ఎస్‌డీలో రెండు రకాలు. సాటా కేబుల్‌తో తగిలించే రెండున్నర అంగుళాల బిళ్ల ఒకటి, చూయింగ్ గమ్ పట్టీలా సన్నగా ఉండే ఎం.2 ఇంకొకటి. మొదటిది సెకనుకి సుమారు 550 ఎంబీ చదువుతుంది. రెండోదాంట్లో ఎన్‌వీఎంఈ రకం మూడో తరానికే 3500 ఎంబీ దాకా పోతుంది. మీ బోర్డ్‌కి ఎం.2 స్లాట్ ఉంటే అదే తీసుకోండి. దాన్ని బిగించే బుల్లి స్క్రూ చాలా బోర్డ్‌ల పెట్టెల్లో ఎప్పుడో పోయి ఉంటుంది, దుకాణంలోనే అడిగి పుచ్చుకోండి. నాలాంటి పాత బోర్డ్‌కి సాటాయే గతి. బాధపడక్కర్లేదు. అటక దిగడమే పెద్ద మార్పు, ఆ తర్వాతి తేడాలు రోజువారీ పనిలో అంతగా కనబడవు.

3. కొనడం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు, ఇలాంటి వాటికి ఇప్పటికీ మొదటి అడ్డా. ఆన్‌లైన్‌లో కొత్తవి దొరుకుతాయి గానీ, డీడీఆర్3 లాంటి పాత సరుకు చేత్తో పట్టుకుని చూసి కొంటేనే మంచిది. "డీడీఆర్ త్రీనా అన్నా? పాత మాలే ఉంటది" అంటారు. ఆఫీసుల నుంచి తీసేసిన మెషీన్లలోంచి వచ్చిన స్టిక్‌లు అవి. ర్యామ్‌లో కదిలే భాగాలు లేవు కాబట్టి పాతదైనా ఫర్వాలేదు. అక్కడే ఒకసారి మెషీన్‌లో పెట్టి చూపించమనండి, మార్పిడి గడువు బిల్లు మీద రాయించుకోండి.

ఎస్‌ఎస్‌డీ విషయంలో మాత్రం పాతది వద్దు. రాసిన కొద్దీ అరిగే వస్తువది. ఇక్కడ నాకో దెబ్బ తగిలింది. సీల్ ఉన్న పెట్టె తెచ్చి, ఇంట్లో డిస్క్ ఎంత నడిచిందో చెప్పే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో ప్రోగ్రామ్ పెట్టి చూస్తే పవర్ ఆన్ అవర్స్ దగ్గర 4 వేల గంటలు! తీసుకెళ్లి చూపిస్తే "టెస్టింగ్‌లో నడిచింటది అన్నా" అన్నాడు దుకాణాయన. నాలుగు వేల గంటలంటే రాత్రీ పగలూ ఐదున్నర నెలల టెస్టింగ్. ఆయనకీ నవ్వొచ్చినట్టుంది, మార్చి ఇచ్చాడు. కాబట్టి కొన్న రోజే ఆ అంకె చూడండి. కొత్తదానికి సున్నా గానీ, ఒకటి రెండు గానీ ఉండాలి.

4. ఫొటోలూ కాగితాలూ కాపీ చేసుకోండి

బయటి డిస్క్‌లోకి. ఇంతకు మించి చెప్పేదేమీ లేదు, కానీ ఇది చేయకుండా ఐదో మెట్టుకి వెళ్లొద్దు.

5. డబ్బా తెరవడం

ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క తలుపుకి వెనకవైపు రెండు స్క్రూలు, స్టార్ స్క్రూడ్రైవర్ చాలు. చేయి పెట్టే ముందు క్యాబినెట్ ఇనప రేకుని ఒకసారి తాకండి. డిసెంబర్, జనవరిలో గాలి పొడిగా ఉన్నప్పుడు ఒంట్లోంచి చిటుక్కుమనే ఆ చిన్న షాక్ చిప్‌లకి ప్రాణాంతకం.

తలుపు తీయగానే దుమ్ము. మన ఊళ్లో రోడ్డు మీద ఎంతుందో లోపలా అంతుంటుంది. బాల్కనీలోకి తీసుకెళ్లి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఇంకో మాట: ఎండాకాలం నీళ్ల కూలర్‌కి ఎదురుగా సీపీయూ పెట్టే ఇళ్లు చాలా చూశాను. ఆ తడిగాలి దుమ్ముతో కలిసి లోపల బంకమట్టిలా అతుక్కుంటుంది. జరిపేయండి.

ప్రాసెసర్‌కీ దాని ఫ్యాన్‌కీ మధ్య వేడిని దాటించే పేస్ట్ ఉంటుంది. ప్రాసెసర్ వేడి తరచూ 85 డిగ్రీలు దాటుతుంటేనే దాన్ని మార్చండి. ఇంటెల్ మామూలు ఫ్యాన్‌కి నాలుగు కాళ్లుంటాయి. బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగితే ఊడుతుంది. ఎండిపోయిన పేస్ట్ తుడిచేసి, ప్రాసెసర్ మధ్యలో కందిగింజంత పెట్టి మళ్లీ ఫ్యాన్ నొక్కేయండి, తనంతట తనే పరుచుకుంటుంది.

ర్యామ్ పెట్టడం తేలికే, కానీ భయపడేది అందరూ ఇక్కడే. స్లాట్ చివర క్లిప్ తెరిచి, స్టిక్ మీది గాటూ స్లాట్‌లోని గట్టూ ఎదురెదురుగా వచ్చేలా నిలబెట్టి, రెండు బొటనవేళ్లతో రెండు కొసల్లోనూ సమానంగా నొక్కాలి. "టక్" అని క్లిప్ దానంతట అదే మూసుకోవాలి. నేను బోర్డ్ విరుగుతుందేమోనని మెత్తగా నొక్కాను. స్విచ్ వేస్తే తెర నల్లగా ఉంది, లోపల్నుంచి బీప్, బీప్, బీప్. ఐదు నిమిషాలు పిచ్చి టెన్షన్. తీసి, మా అమ్మాయి పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు తీసుకుని స్టిక్ అంచున ఉన్న బంగారు రంగు పళ్లను రెండువైపులా రుద్ది, పొడి ఊదేసి, ఈసారి గట్టిగా నొక్కాను. తెర వెలిగింది. పాత ర్యామ్ మొరాయిస్తే నూటికి తొంభై సార్లు ఇదే మందు.

ఎస్‌ఎస్‌డీకి సన్న సాటా కేబుల్ ఒకటి, ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు పంచే పెట్టె) నుంచి వెడల్పాటి పవర్ కేబుల్ ఒకటి తగిలించాలి. హెచ్81 బోర్డ్‌లో నాలుగు సాటా పోర్ట్‌లలో రెండే 6 గిగాబిట్‌వి, మిగతా రెండూ 3 గిగాబిట్‌వి. పక్కన అచ్చువేసిన అక్షరాలు టార్చ్ వేసి చదివి, 6 ఉన్నదాంట్లోనే గుచ్చండి. తేడాగా గుచ్చితే సగం వేగం ఊరికే పోతుంది.

6. సిస్టమ్ ఎక్కించడం

పాత హార్డ్‌డిస్క్ కేబుల్ పీకి, ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఇన్‌స్టాల్ చేయండి. రెండూ ఉంచితే విండోస్ కొన్నిసార్లు బూట్ ఫైళ్లను పాత డిస్క్‌లో పెట్టేస్తుంది. రేపు ఆ డిస్క్ పోతే కొత్తదీ లేవదు. బయోస్‌లో (సిస్టమ్ లేవకముందు తెరుచుకునే సెట్టింగుల పేజీ) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో ముందే చూసుకోండి.

ఏ సిస్టమ్? విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉంటేనే. మీది 8వ తరమో ఆ తర్వాతదో అయ్యుండి కూడా కుదరదంటుంటే, బయోస్‌లో పీటీటీ (ఇంటెల్ టీపీఎంకి పెట్టిన పేరు) అనే ఆప్షన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, తరచూ అదే కారణం. నాది 4వ తరం, కాబట్టి 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో లినక్స్ మింట్ 22 అనే ఉచిత సిస్టమ్ ఎక్కించాను. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. బ్రౌజరూ, తెలుగు టైపింగూ, అమ్మాయి ప్రాజెక్ట్ వర్కూ అన్నీ నడుస్తున్నాయి. బ్యాంకు పనికి డిజిటల్ సంతకం డాంగిల్ వాడేవాళ్లు, ట్యాలీ వాడేవాళ్లు మాత్రం విండోస్ వదలకండి, గోల పడతారు.

అంతా నడిచాక పాత హార్డ్‌డిస్క్‌ని మళ్లీ తగిలించి, ఫొటోల రెండో కాపీకి వాడుకోండి.

7. తీరికుంటే ఒక ప్రయోగం

జంట స్టిక్‌ల సంగతి ఇక్కడ చెప్తానన్నాను. 1600 వేగం డీడీఆర్3 ఒక్క స్టిక్ సెకనుకి 12.8 జీబీ అందిస్తుంది. రెండు స్లాట్లలో జంటగా పెడితే 25.6 జీబీ. మామూలు పనిలో ఈ తేడా తెలియదు. ఇంట్లో ఏఐ నడిపితే తెలుస్తుంది.

ఏఐ మోడళ్లను ఇంటి మెషీన్‌లోనే నడిపే ఒల్లామా అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి, గూగుల్ వాళ్ల గెమ్మా 3లో 4 బిలియన్ పారామీటర్ల మోడల్ దించుకోండి, ఫైలు 3.3 జీబీ. ఇది ఒక్కో అక్షర ముక్క (టోకెన్ అంటారు) రాయడానికి దాదాపు ఆ ఫైలంతటినీ ర్యామ్‌లోంచి ఒకసారి చదవాలి. 25.6ని 3.3తో భాగిస్తే సెకనుకి ఏడెనిమిది ముక్కలు. అది పైహద్దు, నాకు వచ్చేది నాలుగైదు. ప్రాసెసర్ ఎంత మంచిదైనా లాభం లేదు, మళ్లీ నిచ్చెన పట్టుకుని నిలబడటమే. మొన్నటిదాకా డిస్క్ కోసం ఆగిన మెషీన్ ఇప్పుడు ర్యామ్ కోసం ఆగుతోంది.

పెద్ద కంపెనీలకీ ఇదే సమస్య. డేటా సెంటర్లలో ఏఐ నడిపే ఎన్‌విడియా హెచ్100 కార్డ్ మెమరీ సెకనుకి 3.35 టీబీ అందిస్తుంది, అయినా చాలదంటున్నారు. అందుకే మెమరీ చిప్‌లన్నీ డేటా సెంటర్ల దారి పట్టాయి, 2025 చివర్లో మనలాంటివాళ్లు కొనే ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. మెమరీ చిప్‌లు తయారుచేసే మైక్రాన్ అయితే ఆ డిసెంబర్‌లో, క్రూషియల్ పేరుతో ఇళ్లకి అమ్మే వ్యాపారం మానేస్తున్నట్టే ప్రకటించింది. ఆ మైక్రాన్‌కి మన ఊళ్లోనే ఆఫీసుంది. అమెజాన్ 2022 నవంబర్‌లో క్లౌడ్ రీజియన్ (కంప్యూటర్లని నెట్ మీద అద్దెకిచ్చే డేటా సెంటర్ల గుంపు) మొదలుపెట్టిందీ మన హైదరాబాద్‌లోనే. మెషీన్లు ఊళ్లోనే ఉంటాయి, మన బల్ల మీద మాత్రం అద్దె తెర మిగులుతుందేమోనని నా అనుమానం. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డ్‌కే అతికించేసి వస్తోంది, రబ్బరు పెట్టి రుద్దడానికి కూడా ఏమీ ఉండదు. స్క్రూ విప్పితే తెరుచుకునే డబ్బా ఇంట్లో ఉంటే అమ్మేయొద్దని నేను అనేది అందుకే.

సరే, ప్రయోగం. తెలుగులో అడిగితే ఇంకా నెమ్మది, మన పదాలను మోడల్ చిన్న చిన్న ముక్కలుగా కోసుకుని రాస్తుంది. మొదటి ప్రశ్న మా అమ్మ అడిగింది: పప్పుచారు ఎలా పెట్టాలి? నెట్ కేబుల్ పీకేసి, ఎంటర్ నొక్కాను. ఒక్కో మాటా తెరమీదికి వస్తుంటే అమ్మ కళ్లద్దాలు సర్దుకుని, దాని వెంటే కూడబలుక్కుంటూ చదివింది. మూడో వాక్యం దగ్గర ఆగిపోయింది.

"పచ్చి పప్పులో చింతపండు రసం పోసి ఉడకబెట్టమంటోందేంట్రా? రేప్పొద్దుటిదాకా కూర్చున్నా ఉడకదు."