గ్లిసరాల్‌లో ఆల్ఫా రిలాక్సేషన్ కాలాన్ని కొలిచే పద్ధతి

గ్లిసరాల్ గాజుగా మారేది దాదాపు 190 కెల్విన్ దగ్గర; అక్కడ అణువులు సర్దుకోవడానికి 100 సెకన్ల దాకా పడుతుంది, ఇదే ఆల్ఫా రిలాక్సేషన్ కాలం. డైఎలక్ట్రిక్ స్పెక్ట్రోమీటర్‌తో (వేర్వేరు పౌనఃపున్యాల విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఎలా స్పందిస్తుందో కొలిచే పరికరం) దీన్ని కొలిచే ముందు తేమ సంగతి చూడండి. గ్లిసరాల్ గాలిలోని నీటిని ఇట్టే పీల్చుకుంటుంది, నీరు చేరితే లాస్ (పదార్థం పీల్చుకునే విద్యుత్ శక్తి) శిఖరం ఎక్కువ పౌనఃపున్యాల వైపు జరుగుతుంది. వాక్యూమ్‌లో ఆరబెట్టి, పొడి నైట్రోజన్‌లో నింపండి.

20 మి.మీ. ఎలక్ట్రోడ్ల మధ్య 100 మైక్రాన్ల సిలికా స్పేసర్లు పెట్టండి. బుడగ మిగిలితే పర్మిటివిటీ (విద్యుత్ క్షేత్రంలో పదార్థం ఎంతగా ధ్రువణం చెందుతుందో చెప్పే విలువ) తక్కువగా వస్తుంది. ఈ ద్రవం తేలిగ్గా స్ఫటికం కాదు కాబట్టి చల్లార్చేటప్పుడు కంగారు అక్కర్లేదు.

అసలు కష్టం ఉష్ణోగ్రతతోనే. 190 దగ్గర ఒక్క కెల్విన్ తగ్గితే రిలాక్సేషన్ కాలం దాదాపు రెట్టింపవుతుంది, 0.1 కెల్విన్ లోపు నిలకడ వచ్చాకే స్కాన్ మొదలుపెట్టండి. శిఖర పౌనఃపున్యాన్ని 2πతో గుణించి, దాంతో 1ని భాగిస్తే కాలం వస్తుంది. తక్కువ పౌనఃపున్యాల్లో లాస్ ఎడతెగకుండా పెరుగుతుంటే అది అయాన్ల వాహకత, శిఖరం కాదు.

190 దగ్గర శిఖరం 1.6 మిల్లీహెర్ట్జ్‌లో ఉంటుంది, ఒక్క ఆవర్తనానికే పది నిమిషాలు దాటుతుంది. 195 దగ్గర ఆపి, వోగెల్-ఫుల్చర్-టామన్ సమీకరణంతో (చల్లబడేకొద్దీ కాలం మరింత వేగంగా పెరగడాన్ని చూపే సూత్రం) కిందికి పొడిగించడమే నయం. అర్హీనియస్ సరళరేఖ (కాలం లాగరిథమ్ 1/ఉష్ణోగ్రతతో ఒకే వాలులో మారుతుందనే లెక్క) ఇక్కడ పనికిరాదు.