ఎడమకు తిరిగితే దిగుతోంది, కుడికి తిరిగితే ఎక్కుతోంది: కమర్షియల్ మాన్యూవర్లలో సమస్యలు, పరిష్కారాలు

ఫ్లోరిడాలో సెస్నా 172 కుడి సీట్లో కూర్చుని నేర్పించడం నా పని. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చిన మన పిల్లలు ప్రైవేట్ లైసెన్స్, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ రెండూ చకచకా దాటేసి, కమర్షియల్ లైసెన్స్ కోసం చేసి చూపాల్సిన విన్యాసాల (మాన్యూవర్ల) దగ్గర ఆగిపోవడం చూస్తుంటాను. "సార్, చెయ్యి కుదరడం లేదు" అంటారు. చాలాసార్లు లోపం చేతిలో ఉండదు, కళ్లలోనో కాళ్లలోనో ఉంటుంది. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో ముల్లు కదిలేసరికే తప్పు జరిగిపోయి ఉంటుంది. ఆ ముల్లు వెంట పడితే ఇంకో తప్పు తోడవుతుంది.

స్టీప్ టర్న్: ఎడమకు తిరిగితే ఎత్తు పోతోంది, కుడికి తిరిగితే పెరుగుతోంది

స్టీప్ టర్న్ అంటే విమానాన్ని 50 డిగ్రీలు వాల్చి, ఎత్తు మారకుండా చుట్టూ తిరగడం. ఎత్తు మారడానికి కారణం మీరు కూర్చున్న చోటు. మీ సీటు విమానం నడిమి గీతకు ఎడమ పక్కన ఉంది. ఎడమకు వాలినప్పుడు ముక్కు మధ్యభాగం మీ కంటికి పైకి లేచినట్టు కనిపిస్తుంది, దాంతో మీరు దించేస్తారు. కుడికి వాలినప్పుడు కిందికి జారినట్టు కనిపిస్తుంది, లాగేస్తారు. విమానం మీరు చెప్పినట్టే చేసింది, కన్నే మోసం చేసింది.

మందు చాలా చిన్నది. ముక్కు మధ్యకు చూడకండి, మీ కళ్లకు సూటిగా ఎదురుగా ఉన్న చోటు చూడండి. ఎడమ టర్న్‌లో ప్రతిసారీ రెండొందల అడుగులు పోగొట్టుకునే ఒక అమ్మాయి చేత విండ్‌షీల్డ్ మీద ఆమె కంటికి ఎదురుగా వైట్‌బోర్డ్ మార్కర్‌తో చుక్క పెట్టించాను. లెవెల్‌గా ఎగురుతున్నప్పుడు ఆ చుక్క సరిగ్గా హొరైజన్ (నింగీ నేలా కలిసే గీత) మీద ఉండాలి. టర్న్‌లోకి వెళ్లాక బ్యాక్ ప్రెషర్‌కి, అంటే యోక్‌ను (చేతిలోని స్టీరింగ్‌ను) వెనక్కి లాగి పట్టే బలానికి తగ్గట్టు చుక్క కొంచెం పైన నిలబడుతుంది. అది ఎంత పైనో ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి చూసి గుర్తుపెట్టుకుంది. మూడో టర్న్‌కి వంద అడుగుల లోపలికి వచ్చేసింది. దిగాక మెత్తటి గుడ్డతో తుడిచేశాం.

లాగేకొద్దీ ఇంకా దిగుతోంది

బ్యాంక్, అంటే విమానం ఎంత వాలిందో చూడండి. 50 డిగ్రీలు అనుకున్నది 60 దాటి ఉంటుంది. నిటారుగా వాలినప్పుడు బయటి రెక్క వేగంగా తిరిగి ఎక్కువ లిఫ్ట్ (పైకి ఎత్తే బలం) ఇస్తుంది కాబట్టి, వదిలేస్తే విమానం తనంతట తనే ఇంకా వాలుతుంది. అప్పుడు యోక్ లాగితే ఎత్తు రాదు, టర్న్ బిగుసుకుంటుంది, గుండ్రంగా తిరుగుతూ దిగిపోయే స్పైరల్‌లోకి వెళ్తారు. ముందు బ్యాంక్ కొంచెం తగ్గించండి, తర్వాత లాగండి, ఎత్తు నిలిచాక మళ్లీ 50కి రండి. ఈ వరుస తప్పకూడదు.

భయం కూడా ఒక కారణమే. 50 డిగ్రీల దగ్గర ఒంటి బరువు ఒకటిన్నర రెట్లు అనిపిస్తుంది. స్టాల్ వేగం (అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) పాతిక శాతం పెరుగుతుంది, అంటే 172ఎస్‌లో ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) లేకుండా 48 నాట్లు ఉండేది 60 అవుతుంది. మీరు 95లో ఉన్నారు. ఈ లెక్క నేల మీద ఒకసారి వేసుకుంటే పైన టెన్షన్ తగ్గుతుంది.

రోల్ అవుట్‌లో, అంటే టర్న్ ముగించి రెక్కలు లెవెల్ చేసేటప్పుడు, విమానం పైకి తన్నుతోందా? బ్యాక్ ప్రెషర్ వదలడం మరిచిపోయారు. ఆగాల్సిన దిశకు బ్యాంక్‌లో సగం, అంటే 25 డిగ్రీల ముందే మొదలుపెట్టి, రెక్కలు లేస్తున్నకొద్దీ యోక్ ముందుకు ఇవ్వండి. టర్న్‌లో ట్రిమ్ (యోక్ బరువు తగ్గించే చక్రం) వేసుకున్నవాళ్లకి ఇంకా గట్టిగా నెట్టాల్సి వస్తుంది.

చాండెల్: 180 డిగ్రీలు తిరగకముందే స్టాల్ హారన్ మోగుతోంది

చాండెల్ అంటే ఎత్తు ఎక్కుతూ 180 డిగ్రీలు తిరిగి, స్టాల్‌కి కొంచెం పైన వేగంతో ముగించే టర్న్. హారన్ ముందే మోగిందంటే, మొదటి 90 డిగ్రీల్లో ముక్కు తొందరగా లేపేశారు, లేదా బ్యాంక్ మరీ తక్కువ పెట్టి టర్న్ సాగదీశారు. మొదటి సగంలో బ్యాంక్ కదలకూడదు, పిచ్ (ముక్కు ఎత్తిన కోణం) మాత్రమే నెమ్మదిగా పెరగాలి. రెండో సగంలో పిచ్ కదలకూడదు, బ్యాంక్ తగ్గుతూ రావాలి. విద్యార్థులు రెండో సగంలో కూడా లాగుతూనే ఉంటారు. నిజానికి వేగం పడిపోతున్నప్పుడు ముక్కును ఉన్నచోటే ఉంచడానికే ఎక్కువ లాగాల్సి వస్తుంది, అందుకే తేడా తెలియదు. 90 దగ్గర రోడ్డో కాలువో ఒక గుర్తు పెట్టుకుని, అక్కడికి రాగానే "ఇక పిచ్ ఆపు" అని పైకి అనండి. సిగ్గుపడకండి, నేనూ అంటాను.

ఎడమ చాండెల్‌లోనే బాల్ (విమానం పక్కకు జారుతోందో చూపే గోళీ) కుడికి పారిపోతుంటే, రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ మీద కాలు బద్ధకించింది. వేగం తక్కువ, పవర్ ఎక్కువ కాబట్టి విమానం ముందే ఎడమకు లాగుతుంటుంది. రోల్ అవుట్‌కి కుడి ఎయిలరాన్ వేసేసరికి (యోక్ కుడికి తిప్పేసరికి) దాని అడ్వర్స్ యా, అంటే ముక్కును వ్యతిరేక దిశకు లాగే గుణం, కూడా ఎడమకే లాగుతుంది. కుడి కాలు బాగా నొక్కాలి. కుడి చాండెల్ రోల్ అవుట్‌లో ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి అంత అవసరం ఉండదు.

లేజీ ఎయిట్‌లో (ఎక్కుతూ, దిగుతూ అటూ ఇటూ 180 డిగ్రీలు తిరిగే విన్యాసంలో) ప్రతి లూప్‌కీ ఎత్తు పెరిగిపోతుంటే పవర్ కాస్త తగ్గించండి. 45 డిగ్రీలు తిరిగేసరికే బ్యాంక్ 15 డిగ్రీలు దాటుతుంటే తొందరపడుతున్నారు. ఎయిట్స్ ఆన్ పైలాన్స్‌లో (నేల మీది రెండు గుర్తుల చుట్టూ, రెక్కను గుర్తుకు సూటిగా పట్టి ఎనిమిది అంకెలా తిరగడంలో) గుర్తు రెక్క కంటే ముందుకు జరిగితే యోక్ ముందుకు, వెనక్కి జరిగితే వెనక్కి. గుర్తును పట్టుకోవడానికి రడ్డర్ తొక్కకండి.

పవర్ ఆఫ్ 180: రన్‌వే మీద పెట్టుకున్న గుర్తుకు ముందే దిగిపోతున్నాం

పవర్ ఆఫ్ 180 అంటే పవర్ పూర్తిగా తగ్గించి, 180 డిగ్రీలు తిరిగి, జారుతూ రన్‌వే మీది గుర్తు దగ్గర దిగడం. గుర్తు దాటాక 200 అడుగుల లోపల దిగాలి, ముందు ఒక్క అడుగు దిగినా లెక్కలోకి రాదు. తగ్గిపోవడానికి ఎక్కువగా కారణం గాలి. ఫైనల్‌లో (రన్‌వేకి సూటిగా దిగే చివరి దారిలో) ఎదురుగాలి 15 నాట్లు ఉన్న రోజు కూడా నిన్నటి చోటే బేస్ (ఫైనల్‌కి ముందు రన్‌వేకి అడ్డంగా వెళ్లే దారి) తిరుగుతారు. తగ్గిపోతున్నామని తెలిసి ముక్కు లేపుతారు, వేగం పడి ఇంకా ముందే కూలబడుతుంది. 68 నాట్లు పట్టుకోండి, బేస్‌కి త్వరగా తిరగండి, గుర్తు చేతికి అందినట్టే అని ఖాయమయ్యేదాకా ఫ్లాప్స్ ముట్టుకోవద్దు.

ఇందులో ఒక్క తప్పు మాత్రం సరిదిద్దుకోవడానికి చూడకండి. బేస్ నుంచి ఫైనల్‌కి తిరిగేటప్పుడు రన్‌వేకి సూటిగా ఉన్న గీత దాటిపోయి, లోపలి రడ్డర్ తొక్కి ముక్కును రన్‌వే వైపు ఈడ్చాలనిపిస్తుంది. ఆ స్కిడ్‌లో (పక్కకు జారే టర్న్‌లో) స్టాల్ అయితే లోపలి రెక్క ముందు పడుతుంది, స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) నుంచి బయటపడేంత ఎత్తు అక్కడ ఉండదు. గీత దాటారా, రెక్కలు లెవెల్ చేసి, పూర్తి పవర్ పెట్టి, గో అరౌండ్ చేసేయండి, అంటే దిగకుండా మళ్లీ పైకి వెళ్లిపోండి.